విజయవాడ–గుంటూరు బస్సులో ఆరు ప్రక్రియలు: పీఎంపీ పరీక్షకు రిసోర్స్ మేనేజ్‌మెంట్‌ను గుర్తుపెట్టుకోవడం ఎలా

ప్రాజెక్ట్ మేనేజర్ల ధ్రువపత్రం కోసం రాసే పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) పరీక్షకు చదివేవారిలో చాలామంది రిసోర్స్ మేనేజ్‌మెంట్ (వనరుల నిర్వహణ) అధ్యాయాన్ని తేలికగా తీసుకుంటారు. ఉన్నవి ఆరే ప్రక్రియలు, పేర్లన్నీ వినగానే అర్థమయ్యేవే. అందుచేత రెండుసార్లు తిరగేస్తే వచ్చేస్తాయనిపిస్తుంది. నేనూ అలాగే అనుకొని మొదటి నమూనా పరీక్ష రాశాను. జట్టులో ఒక ఉద్యోగి పని నాణ్యత పడిపోయిందని, ప్రాజెక్ట్ మేనేజర్ అతనితో మాట్లాడుతున్నాడని, ఇది ఏ ప్రక్రియ అని ప్రశ్న. ఉద్యోగి కూడా రిసోర్సే కదా అనుకొని 'కంట్రోల్ రిసోర్సెస్' అని గుర్తుపెట్టాను. సరైన జవాబు 'మేనేజ్ టీమ్'. పేరు నాకు వచ్చు, వరుస వచ్చు, కానీ ఒక ప్రక్రియ ఎక్కడ ఆగుతుందో, మరొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పేర్లు వల్లె వేస్తే పేర్లే వస్తాయి, హద్దులు రావు. ఈ హద్దులను మనసులో నిలుపుకోవడానికి నేను వాడిన పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ముందుగా మీరు చదువుతున్నది పీఎంబాక్ గైడ్ (ఈ పరీక్ష నిర్వహించే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించే మార్గదర్శక పుస్తకం) ఏ కూర్పు ప్రకారమో తేల్చుకోండి. 2013 నాటి పీఎంబాక్ గైడ్ ఐదవ కూర్పులో ఈ విషయం 'హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్' పేరుతో నాలుగు ప్రక్రియలుగా ఉండేది. 2017లో వచ్చిన ఆరవ కూర్పు మనుషులతోపాటు యంత్రాలు, సామగ్రి, స్థలం వంటి భౌతిక వనరులను కూడా ఇందులోకి తెచ్చి ఆరు ప్రక్రియలు చేసింది. అంతకుముందు కాల నిర్వహణ అధ్యాయంలో ఉన్న 'ఎస్టిమేట్ యాక్టివిటీ రిసోర్సెస్' ఇటు వచ్చింది. 'కంట్రోల్ రిసోర్సెస్' కొత్తగా చేరింది. 2021 నాటి ఏడవ కూర్పు ప్రక్రియల పట్టికను పక్కనపెట్టి 12 సూత్రాల చుట్టూ పుస్తకాన్ని మళ్లీ అల్లింది. అయినా ఆరవ కూర్పు వరుసతో చదువుకునేవారు ఉన్నారు, నేనూ దాన్నే అనుసరిస్తాను. మీ పరీక్ష తేదీకి అమల్లో ఉండే విషయసూచికను మాత్రం ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైటులో చూసుకున్నాకే మొదలుపెట్టండి. చుట్టాల పిల్లవాడు ఇచ్చిన పాత నోట్సు ఎంత అందంగా ఉన్నా, దాని మీద సంవత్సరం చూడకుండా తెరవవద్దు.

ఆ ఆరు ప్రక్రియలు ఇవి: ప్లాన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, ఎస్టిమేట్ యాక్టివిటీ రిసోర్సెస్, అక్వైర్ రిసోర్సెస్, డెవలప్ టీమ్, మేనేజ్ టీమ్, కంట్రోల్ రిసోర్సెస్. వీటిని ఇంగ్లీషు పొడి అక్షరాలతో గుర్తుపెట్టుకునేవారు ఉన్నారు. నాకు అది పట్టుబడలేదు. తెలుగులో ఒక సౌకర్యం ఉంది: 'చేసి, చూసి, వెళ్లి' అంటూ అసమాపక క్రియలను గొలుసుగా పేరిస్తే వరుస దానంతట అదే కుదురుతుంది. కాబట్టి మొదటి అడుగుగా ఈ ఒక్క వాక్యం పట్టుకోండి: తలచి, లెక్కించి, తెచ్చి, తీర్చి, నడిపి, సరిచూడాలి. ఎలా చేయాలో తలచడం, ఎంత కావాలో లెక్కించడం, వాటిని తేవడం, వచ్చినవారిని జట్టుగా తీర్చిదిద్దడం, ఆ జట్టును నడపడం, వాడుతున్న సామగ్రిని సరిచూడడం. 'తీర్చి' తరువాత 'నడిపి' రాక తప్పదని నాలుకకే తెలిసిపోతుంది.

వరుస వచ్చాక ప్రక్రియలకు చోటు చూపించాలి. అష్టావధానం చూసినవారికి ఈ మాట కొత్త కాదు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుండగా, విడివిడి పాదాలుగా చెప్పిన పద్యాలను అవధాని చివరి ధారణలో పొల్లుపోకుండా అప్పజెబుతారు. అక్కడ ఛందస్సు పద్యానికి కొక్కెం. యతిప్రాసలు తప్పితే లోపం ఎక్కడుందో చెవికి వెంటనే తెలిసిపోతుంది. మన ఆరు ప్రక్రియలకు ఛందస్సు లేదు గనుక, కళ్లు మూసుకొని కూడా వెళ్లగలిగిన దారిని కొక్కెంగా వాడుకుందాం. మాకు విజయవాడ నుంచి గుంటూరుకు ఉన్న బస్సు దారికి మించినది లేదు. మీరు తెనాలిలోనో ఏలూరులోనో ఉంటే మీ దారిని తీసుకోండి, కానీ ఆరు మజిలీలూ మీరు స్వయంగా చూసినవై ఉండాలి.

మా దారిలో ఆరు మజిలీలు: పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, కృష్ణ మీది కనకదుర్గ వారధి, మంగళగిరి, నాగార్జున విశ్వవిద్యాలయం, గుంటూరు బస్టాండు, ఊరు దాటాక మిర్చి యార్డు. ఈ దారికి ఒక అదనపు ప్రయోజనం ఉంది. మొదటి రెండు ప్రక్రియలు ప్లానింగ్ గ్రూపువి, తరువాతి మూడు ఎగ్జిక్యూటింగ్ గ్రూపువి, చివరిది మానిటరింగ్ అండ్ కంట్రోలింగ్ గ్రూపుది. కృష్ణ దాటేదాకా ప్రణాళిక, దాటాక ఆచరణ, గుంటూరు ఊరు దాటాక తనిఖీ అని పెట్టుకుంటే, ఏ ప్రక్రియ ఏ గ్రూపుదని విడిగా బట్టీపట్టనక్కరలేదు.

బస్ స్టేషన్‌లో నిలబడ్డారనుకోండి. మీరు ఇంకా బస్సు ఎక్కలేదు, టికెట్టు తీసుకోలేదు. ఏ సర్వీసుకు ఎవరు డ్రైవరు, ఎవరు కండక్టరు అనే డ్యూటీ చార్టు మాత్రం ఉంది. ప్లాన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటే అంతే: వనరులను ఎలా అంచనా వేస్తాం, ఎలా తెస్తాం, ఎలా నిర్వహిస్తాం, ఎలా వదిలేస్తాం అన్న పద్ధతి తేల్చడం. ఎంతమంది కావాలన్న అంకె ఇక్కడ రాదు. పరీక్షలో ప్రశ్న అంకెలోకి దిగిందంటే మీరు అప్పటికే వారధి ఎక్కేశారని అర్థం. డ్యూటీ చార్టు చూడగానే ఏ పనికి ఎవరు బాధ్యులో చూపే రెస్పాన్సిబిలిటీ అసైన్‌మెంట్ మ్యాట్రిక్స్, అందులో ఒక రకమైన ఆర్ఏసీఐ పట్టిక (చేసేవారు, జవాబుదారు, సలహా ఇచ్చేవారు, సమాచారం అందుకునేవారు) గుర్తుకు రావాలి. ఒక పనికి చేతులు ఎన్ని ఉన్నా, జవాబుదారు మాత్రం ఒక్కరే ఉండాలన్నది దాని నియమం. ఈ మజిలీ నుంచి రెండు పత్రాలు పుడతాయి: రిసోర్స్ మేనేజ్‌మెంట్ ప్లాన్, టీమ్ చార్టర్. టీమ్ చార్టర్‌ను ప్రాజెక్ట్ చార్టర్‌తో కలపవద్దు. ప్రాజెక్ట్ చార్టర్ ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చే పత్రం. టీమ్ చార్టర్ జట్టు తనలో తాను రాసుకునే కట్టుబాట్ల కాగితం.

బస్సు వారధి ఎక్కాక కుడివైపు చూస్తే ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంది. దానికి 70 గేట్లు. ఎస్టిమేట్ యాక్టివిటీ రిసోర్సెస్‌ను ఆ గేట్లకు తగిలించండి. గేట్ల మరమ్మతుకు మనుషులు, ఇనుము, రంగు ఎంత కావాలో లెక్క వేయాలని ఊహించుకోండి. ఒక్కొక్క గేటుకు విడివిడిగా లెక్కగట్టి పైకి కూడుకుంటూ పోతే అది బాటమ్ అప్ అంచనా. గేటుకు ఇంత అని ఒక ప్రమాణం పెట్టుకొని 70తో గుణిస్తే పారామెట్రిక్. ఇంతకుముందు మరో ఆనకట్టకు ఎంత అయిందో చూసి దాన్నిబట్టి చెబితే ఎనలాగస్. ఒకే దృశ్యంలో మూడు పద్ధతులూ ఇమిడిపోతాయి, మళ్లీ మళ్లీ తిప్పి చదవవలసిన అవసరం ఉండదు. ఇక్కడి నుంచి వచ్చేవి రిసోర్స్ రిక్వైర్‌మెంట్స్, వాటికి ఆధారమైన బేసిస్ ఆఫ్ ఎస్టిమేట్స్, వనరులను రకాలవారీగా కొమ్మలుగా చూపే రిసోర్స్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్.

నది దాటాం. మంగళగిరి కొండ కనిపించగానే అక్వైర్ రిసోర్సెస్ గుర్తుకు రావాలి. అందుకు పానకాల స్వామి కంటే మంచి గుర్తు నాకు దొరకలేదు. భక్తులు ఎంత పానకం సమర్పించినా స్వామి సగమే స్వీకరించి మిగతా సగం ప్రసాదంగా వదిలేస్తాడని నమ్మకం. ప్రాజెక్ట్ మేనేజర్ పరిస్థితి అచ్చంగా అదే, కాకపోతే తలకిందులు: మీరు పదిమందిని అడిగితే ఫంక్షనల్ మేనేజర్ (ఆ ఉద్యోగుల విభాగాధిపతి) ఐదుగురిని ఇస్తాడు. కాబట్టి ఇక్కడి ముఖ్యమైన సాధనం నెగోషియేషన్, అంటే బేరం. ప్రాజెక్టు మొదలు కాకముందే ఫలానావారు ఉంటారని ఖాయమైపోతే అది ప్రీ అసైన్‌మెంట్. దూరదూరాన ఉన్నవారితో పని చేయిస్తే వర్చువల్ టీమ్. లభ్యత, ఖర్చు, అనుభవం వంటి కొలతలకు మార్కులు వేసి ఎంచుకుంటే మల్టీక్రైటీరియా డెసిషన్ అనాలిసిస్. వనరును బయటి సంస్థ నుంచి కొనవలసి వస్తే ఒప్పందం సంగతి ప్రొక్యూర్‌మెంట్ అధ్యాయం చూసుకుంటుంది.

మంగళగిరిలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయవద్దు. ఈ ప్రక్రియ నుంచి భౌతిక వనరుల కేటాయింపులు, జట్టు కేటాయింపులు, ఏ వనరు ఎప్పుడు దొరుకుతుందో చూపే రిసోర్స్ క్యాలెండర్లు బయటికి వస్తాయి. ఈ క్యాలెండర్లే వెనక ఉన్న ఎస్టిమేట్ ప్రక్రియకు ఇన్‌పుట్‌గా కూడా కనిపిస్తాయి. ముందు జరిగిన దానిలోకి తరువాత వచ్చినది ఎలా వెళ్లిందని నేను రెండు రోజులు పుస్తకంతో పోట్లాడాను. బస్సు దారి దీనికి కూడా పనికి వస్తుంది: తిరుగు బస్సులు కూడా ఉంటాయి కదా. ఎవరు ఎప్పుడు దొరుకుతారో తెలిశాక మళ్లీ వారధి మీదికి వెళ్లి లెక్క సవరించుకుంటారు. ప్రణాళిక ఒకసారి వేసి మూతపెట్టేది కాదన్న మాటను ఈ ఒక్క క్యాలెండర్ గుర్తుచేస్తుంది.

కాజ టోల్‌గేటు దాటాక నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. చదువు, శిక్షణ, హాస్టలు, అన్నీ ఉన్న చోటు గనుక డెవలప్ టీమ్‌కు ఇంతకంటే తగిన మజిలీ లేదు. హాస్టలు గదిలో కొత్తగా చేరిన నలుగురిని ఊహించుకోండి. మొదటి వారం ఒకరి పేరు ఒకరు అడిగి మర్యాదగా ఉంటారు, అది ఫార్మింగ్. ఫ్యాను కింద మంచం ఎవరిదన్న గొడవ మొదలైతే స్టార్మింగ్. బకెట్టు వంతులు, దీపం ఆర్పే వేళ ఖాయమయ్యాక నార్మింగ్. పరీక్షల ముందు ఒకరు నోట్సు రాస్తే మరొకరు టీ తెచ్చే దశ పర్ఫార్మింగ్. చివరి పరీక్ష రాసి పెట్టెలు సర్దుకోవడం ఎడ్జర్నింగ్. మొదటి నాలుగు దశలను బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పాడు. ఐదవది 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి చేర్చాడు. శిక్షణ, గుర్తింపు–బహుమతులు, అందరినీ ఒకేచోట కూర్చోబెట్టే కోలొకేషన్ ఈ ప్రాంగణంలోనే ఉన్నాయి. బయటికి వచ్చే ముఖ్యమైన కాగితం టీమ్ పర్ఫార్మెన్స్ అసెస్‌మెంట్స్. మార్కుల జాబితా అనుకోండి. ఆ జాబితా చేత్తో పట్టుకొని తరువాతి మజిలీలో దిగుతారు, ఎందుకంటే మేనేజ్ టీమ్‌కు అది ఇన్‌పుట్.

గుంటూరు బస్టాండు బయట ఆటోల దగ్గర కాసేపు నిలబడితే మేనేజ్ టీమ్ అంతా అక్కడే కనిపిస్తుంది. సంచి పట్టుకొని దిగిన ఒక ప్రయాణికుడి కోసం ఇద్దరు డ్రైవర్లు ఒకేసారి ముందుకు వచ్చారు. ఒకడు "మనకెందుకులే" అని వెనక్కి తగ్గితే, అది విత్‌డ్రా. "పోనీలే అన్నా, మనలో మనకు గొడవేంటి" అని సర్దిచెబితే స్మూత్. "ఈ బేరం నీది, తరువాతిది నాది" అని చెరి సగం వదులుకుంటే కాంప్రమైజ్. స్టాండులో పెద్దమనిషి గట్టిగా "వంతు వీడిది, నువ్వు పక్కకు రా" అంటే ఫోర్స్. అందరూ కూర్చొని వరుస సంఖ్యల పద్ధతి పెట్టుకొని గొడవకు మూలమే లేకుండా చేస్తే కొలాబరేట్. పరీక్షలో మంచి జవాబు చాలాసార్లు చివరిదే, కానీ ప్రాణాపాయమో, క్షణం వ్యవధి లేని పరిస్థితో ప్రశ్నలో ఉంటే పెద్దమనిషి గొంతు కూడా సరైన జవాబు అవుతుంది. అందుచేత ఐదింటినీ మంచి–చెడుల వరుసలో కాకుండా సందర్భంతో కలిపి నేర్చుకోండి. ఎమోషనల్ ఇంటెలిజెన్స్, ఇన్‌ఫ్లుయెన్సింగ్ వంటి మాటలు ఎక్కడ కనిపించినా ముందుగా ఈ స్టాండు వైపు చూడండి.

డెవలప్‌కు, మేనేజ్‌కు తేడా చాలామందికి జారిపోతుంది. జట్టు సామర్థ్యం పెంచడం డెవలప్; పని జరుగుతుండగా పనితీరును గమనించడం, అభిప్రాయం చెప్పడం, తగాదాలు తీర్చడం, జట్టులో మార్పులు చేయడం మేనేజ్. శిక్షణ ఇప్పించారంటే విశ్వవిద్యాలయం. పిలిచి మాట్లాడారంటే బస్టాండు.

చివరి మజిలీ మిర్చి యార్డు. ఇక్కడ మీరు చూడవలసింది టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను మాత్రమే. ఎన్ని టిక్కీలు రావాలి, ఎన్ని వచ్చాయి, కాటాలో తూకం సరిపోయిందా, తాలు కాయ ఎంత, ఎక్కువ పట్టుకొచ్చిన సంచులను ఎటు పంపాలి. కంట్రోల్ రిసోర్సెస్ కూడా అదే: కేటాయించిన భౌతిక వనరులు అనుకున్న వేళకు, అనుకున్న చోటికి వచ్చాయా, వాడకం ప్రణాళిక ప్రకారం ఉందా, పని అయ్యాక విడుదల చేశారా అని చూసి, తేడా ఉంటే దిద్దుబాటు చేయడం. యార్డులో హమాలీలు ఉంటారు, నిజమే. వారిలో వారికి తగాదా వస్తే దాన్ని మాత్రం వెనక్కి తీసుకువెళ్లి బస్టాండు దగ్గర తేల్చాలి. నమూనా పరీక్షలో నేను తప్పింది సరిగ్గా ఈ చోటే. అప్పటి నుంచి ప్రశ్నలో ఊపిరి పీల్చే వనరు కనిపిస్తే బస్టాండు, లేకపోతే యార్డు అని నాకు నేను చెప్పుకుంటాను. ఇక్కడి నుంచి వచ్చేవి వర్క్ పర్ఫార్మెన్స్ ఇన్ఫర్మేషన్, ఛేంజ్ రిక్వెస్టులు. ఛేంజ్ రిక్వెస్టులు మేనేజ్ టీమ్ నుంచి కూడా వస్తాయి గనుక, అవి ఒక్కటే చూసి ప్రక్రియను తేల్చవద్దు.

దారిలో లేని ఒక విషయాన్ని కూడా చెప్పుకోవాలి. రిసోర్స్ లెవెలింగ్, రిసోర్స్ స్మూతింగ్ అనే రెండు మాటలు ఈ అధ్యాయానివేనని పేరు చూసి అనుకుంటాం. అవి వనరుల లభ్యతకు తగ్గట్టు పనుల వేళలను సర్దే పద్ధతులు, షెడ్యూల్ నిర్వహణలోని డెవలప్ షెడ్యూల్ ప్రక్రియ సాధనాలు. మన బస్సు ఎక్కవు.

ఇక సాధన సంగతి. మొదటి రోజు నిజంగానే బస్సు ఎక్కండి. పల్లెవెలుగైతే ఇంకా మంచిది, ఆగుతూ ఆగుతూ పోతుంది గనుక ప్రతి మజిలీ దగ్గర దాని పేరు, సాధనాలు, బయటికి వచ్చే పత్రాలు నెమ్మదిగా తలచుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఇంటికి వచ్చాక పుస్తకం తెరవకుండా ఒక తెల్ల కాగితం మీద దారి గీసి, గుర్తున్నదంతా రాయండి. రాయలేకపోయిన చోటనే ఎర్ర కలంతో పూరించండి. మళ్లీ చదవడం కంటే ఇలా లోపలి నుంచి బయటికి లాగడం వల్లనే జ్ఞాపకం గట్టిపడుతుంది. రెండవ రోజు, నాలుగవ రోజు, ఎనిమిదవ రోజు, తరువాత రెండు వారాలకు ఒకసారి కొత్త కాగితం మీద మొదటి నుంచి గీయండి. నేర్చినది మొదటి గంటల్లో, రోజుల్లో వేగంగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకొని చూపాడు. మొదట్లో దగ్గర దగ్గరగా, తరువాత దూరం దూరంగా తలచుకోవడం అందుకే. చేయి తిరిగాక నాన్‌స్టాప్ ప్రయాణం చేయండి: కళ్లు మూసుకొని ఆరు మజిలీలనూ అర నిమిషంలో దాటాలి.

దీనితో ఆగితే మాత్రం నష్టపోతారు. పరీక్ష మిమ్మల్ని బస్ స్టేషన్‌లో ఎక్కనివ్వదు, దారి మధ్యలో ఎక్కడో దించుతుంది. అందుచేత పత్రాల పేర్లు, సాధనాల పేర్లు, చిన్న చిన్న సంఘటనలు చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేసి, ఇంట్లో ఎవరిచేతనైనా తీయించండి. మా బావమరిది ఉదయం ఇడ్లీ తింటూ చీటీ తీసి చదివేవాడు. నేను ప్రక్రియ పేరు చెప్పకూడదు, మజిలీ పేరే చెప్పాలి. అతనికి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటో తెలియదు, కానీ "టీమ్ చార్టర్" అని చదివి, నేను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే "బావా, బస్సు వెళ్లిపోయింది" అనేవాడు. వారం తిరిగేసరికి జవాబులు అతనికీ వచ్చేశాయి.

తప్పిన చీటీలను మరో డబ్బాలో వేసి, ప్రతి ఒక్కటీ ఏ రెండు మజిలీల మధ్య తడబడిందో వెనక రాయండి. నా డబ్బాలో సగానికి పైగా చీటీల మీద 'బస్టాండా, యార్డా' అనే ఉంది. మీది 'బస్ స్టేషనా, వారధా' కావచ్చు. ఆ రెండు చోట్ల మధ్యే నాలుగైదు ప్రశ్నలు మీరే తయారుచేసుకోండి. ఉదాహరణకు: క్రేన్ అనుకున్న తేదీకి వచ్చింది, కానీ స్థలం సిద్ధం కాక మూడు రోజులుగా ఖాళీగా ఉంది, దాన్ని నడిపే వ్యక్తి విసిగిపోయి సూపర్‌వైజరుతో గొడవపడ్డాడు. క్రేన్ సంగతి యార్డుకు, గొడవ సంగతి బస్టాండుకు పంపారా లేదా చూసుకొని, తరువాతి చీటీ తీయండి.